మా పాత డాడ్జికి నాలుగు తలుపులు

2022 జూన్‌లో అమ్మానాన్నలు మొదటిసారి మా దగ్గరికి టెక్సాస్ వచ్చారు. డాలస్ ఎయిర్‌పోర్టుకి కారు వదిలేసి నా పికప్ ట్రక్కు వేసుకుని వెళ్ళాను. నాన్నకి చూపించాలని ఆత్రం. ముప్పై ఏడేళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి క్యాబిన్లు కట్టిన మనిషి. నా బండి చూసి ఏమంటాడో వినాలని దారంతా అదే ఆలోచన.

నాన్న బండి చుట్టూ ఒక రౌండ్ తిరిగాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. వంగి కింద కమాన్ పట్టీలు చూశాడు. మొహం వెలిగింది. తర్వాత అమ్మని ముందు సీట్లో కూర్చోమని, తను వెనక కూర్చుంటానన్నాడు. అది రెండు తలుపుల బండి. ముందు సీటు వంచి, ఆ సందులోంచి వెనక్కి దూరాలి. నేల నుంచి కాలు పెట్టే చోటికే నడుమెత్తు ఉంటుంది. రెండుసార్లు ప్రయత్నించాడు. మోకాలు మడత పడలేదు. మూడోసారి నేనే వద్దన్నాను. మా ఆవిడకి ఫోన్ చేసి కారు తెప్పించాను. ముక్కాలు గంట అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చున్నాం.

"ఎన్ని బళ్ళు కట్టానురా, ఎక్కలేకపోయిన బండి ఇదే" అన్నాడు కారులో. మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బండి సంగతి చెప్తాను. 1992 డాడ్జి డబ్ల్యూ250, ఫోర్ వీల్ డ్రైవ్, క్లబ్ క్యాబ్. అంటే రెండు తలుపులే, ముందు సీటు వెనక కొంచెం జాగా. ఇంజిన్ కమిన్స్ కంపెనీ చేసిన 5.9 లీటర్ల డీజిల్, ఆరు సిలిండర్లు వరసగా, పన్నెండు వాల్వులు. ఫ్యాక్టరీ లెక్కలో 160 హార్స్‌పవర్. ఈ రోజుల ట్రక్కుల పక్కన ఆ అంకె చిన్నదే. కానీ అది అసలు లారీలకీ ట్రాక్టర్లకీ చేసిన ఇంజిన్, ఒక్కటే అర టన్ను బరువుంటుంది. డీజిల్ పంపు పూర్తిగా మెకానికల్. పంపు మీద డీజిల్ దారి తెరిచే సోలినాయిడ్‌కి ఒక్క తీగలో కరెంటు అందితే చాలు, కంప్యూటర్‌తో పని లేకుండా నడుస్తుంది. 2011లో ఒక రైతు దగ్గర కొన్నాను. చలికాలం పొద్దున స్టార్ట్ చేస్తే వచ్చే ఆ గడగడ శబ్దం నాకు ఆటోనగర్ రోడ్డుని గుర్తు చేస్తుంది. దీన్ని అమ్మి నాలుగు తలుపులున్న కొత్తది కొనుక్కోమని చాలామంది చెప్పారు. మా ఆవిడ ఒక్కతే చెప్పలేదు.

కొత్తది కొనడం ఎందుకు కుదరలేదంటే, నాకు కావలసింది ఈ బండే, తలుపులు మాత్రం నాలుగు ఉండాలి. అలాంటి బండి డాడ్జి వాళ్ళు ఎన్నడూ చెయ్యలేదు. ఇదే బాడీలో నాలుగు తలుపుల క్రూ క్యాబ్ 1985 దాకా చేసి ఆపేశారు. కమిన్స్ ఇంజిన్ పెట్టడం మొదలుపెట్టింది 1989 మోడల్‌లో. ఈ తరం బాడీ 1993తో అయిపోయింది. అంటే ఆ క్యాబిన్, ఈ ఇంజిన్ ఫ్యాక్టరీలో ఒక్కసారి కూడా కలుసుకోలేదు, మధ్యలో నాలుగేళ్ళ ఎడం. అమెరికాలో ఈ రెండింటినీ షెడ్డుల్లో, పెరళ్ళలో కలిపిన వాళ్ళు చాలామంది ఉన్నారు. పాత క్రూ క్యాబ్ తెచ్చి కమిన్స్ ఉన్న ఫ్రేమ్ మీద కూర్చోబెడతారు. ఆ ఫొటోలు ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను కానీ నేను చెయ్యగలనని అనుకోలేదు. నాన్న తిరిగి ఇండియా వెళ్ళిన వారానికి టేపు తీసుకుని బండి కిందకి దూరాను.

ఇక్కడ ఒక అదృష్టం. ఈ పని చెయ్యాలనుకునేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది ఇదే. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి ఉండే దూరాన్ని వీల్‌బేస్ అంటారు కదా. మామూలు రెండు తలుపుల క్యాబిన్, వెనక సామాను వేసే ఎనిమిదడుగుల తొట్టి ఉన్న డాడ్జికి అది 131 అంగుళాలు. దాని మీద క్రూ క్యాబ్ పెట్టి అదే తొట్టి ఉంచాలంటే 165 కావాలి, ఫ్రేమ్ కోసి 34 అంగుళాలు అతకాలి. ఆ పని ఇంట్లో చేసేది కాదు. నా క్లబ్ క్యాబ్, ఎనిమిదడుగుల తొట్టికి వీల్‌బేస్ 149. క్రూ క్యాబ్‌కి ఆరున్నర అడుగుల తొట్టి పెట్టి డాడ్జి వాళ్ళు అమ్మిన బండికీ 149 అంగుళాలే. క్యాబిన్ పెరిగిన మేరకు తొట్టి తగ్గుతుంది, చక్రాలు ఉన్నచోటే ఉంటాయి. ఫ్రేమ్ కొయ్యక్కర్లేదు. ప్రొపెల్లర్ షాఫ్టు, బ్రేకు గొట్టాలు, డీజిల్ గొట్టాలు ఏవీ పొడవు మార్చక్కర్లేదు. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజు అర్ధరాత్రి నాన్నకి ఫోన్ చేశాను.

"చాసిస్ కొయ్యవు కదా?" అని అడిగాడు.

"కొయ్యను."

"అయితే చెయ్యి."

నాన్న ఫ్రేమ్ అనడు, చాసిస్ అంటాడు. ఆటోనగర్‌కి కొత్త లారీ అంటే చాసిసే వచ్చేది. ఇంజిను, చక్రాలు, స్టీరింగు, ముందు కౌల్ అనే రేకు గోడ, అంతే. డ్రైవరు ఏ చెక్కపెట్టె మీదో కూర్చుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఎండలో వానలో వందల కిలోమీటర్లు తోలుకొచ్చేవాడు. వాళ్ళు దిగి తువ్వాలు విప్పితే కళ్ళ చుట్టూ తప్ప మొహమంతా దుమ్ము. చిన్నప్పుడు సెలవుల్లో నేను షెడ్డుకి వెళ్ళి వాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చేవాణ్ణి. ఆ చాసిస్ మీద నాన్నావాళ్ళు చెక్క ఫ్రేము కట్టి, రేకు తొడిగి, తలుపులు వేలాడదీసి, పెయింటర్‌కి అప్పగించేవారు. ఒక ఇంజిన్ మీద ఇంకొకళ్ళు చేసిన క్యాబిన్ కూర్చోవడం మా ఇంట్లో వింత కాదు, దాని మీదే మేం తిన్నాం, చదువుకున్నాం.

క్యాబ్ కోసం ఏడాది వెతికాను. 1981లో డాడ్జి వాళ్ళు డ్యాష్‌బోర్డు మార్చారు, కాబట్టి 1981 నుంచి 1985 మధ్యది అయితే నా బండి డ్యాష్ అందులో కూర్చోవడం తేలిక. పైగా తుప్పు లేనిది కావాలి. ఉత్తరాదిన చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడి పాత బళ్ళకి గడప రేకులు, మూలలు తినేసి ఉంటాయి. పడమటి టెక్సాస్ ఎండు నేల. లబ్బక్ దగ్గర ఒక పత్తి రైతు పొలంలో 1984 డాడ్జి డి350 క్రూ క్యాబ్ బండి దొరికింది. పెట్రోలు ఇంజిన్, అదీ ఎప్పుడో పట్టేసింది. 149 అంగుళాల ఫ్రేమ్, ఆరున్నర అడుగుల తొట్టి. గుమ్మాల కింద స్క్రూడ్రైవర్ పెట్టి పొడిచి చూశాను, ఎక్కడా దిగలేదు. 2,300 డాలర్లకి బేరం కుదిరింది. ట్రెయిలర్ మీద ఐదున్నర గంటలు తోలుకొచ్చాను.

కాగితాల సంగతి ముందే చెప్పాలి. నాకు తెలిసిన కొందరు ఆ పని చివరికి పెట్టుకుని ఇబ్బంది పడ్డారు. టెక్సాస్‌లో ఫ్రేమ్, బాడీ, ఇంజిన్ ఈ మూడింటినీ బండికి మూల భాగాలుగా చూస్తారు. అందులో ఒకటి మారితే రీబిల్ట్ వెహికల్ స్టేట్‌మెంట్ అనే వీటీఆర్-61 ఫారం ఉంటుంది. ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చిందో అందులో రాయాలి. నేను బోల్టు విప్పకముందే కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్ళి అడిగాను. రెండు బళ్ళ టైటిళ్ళూ (యాజమాన్య పత్రాలు), అమ్మకం రసీదూ, రెండు ఫ్రేముల మీద చెక్కిన నంబర్ల ఫొటోలూ ఒక ఫైల్లో పెట్టుకున్నాను. ఒక క్యాబ్ మీది బండి గుర్తింపు నంబరు (విన్) పలక పీకి ఇంకో క్యాబ్‌కి బిగిస్తే సరిపోతుందని ఎవరైనా చెప్తే వినకండి. ఆ నంబరు తీసెయ్యడం, మార్చడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏం చెయ్యాలో ఆఫీసు వాళ్ళనే అడగండి.

మా కాలనీలో వాకిట్లో విప్పిన బండి పెట్టనివ్వరు. ఫార్మర్స్‌విల్ అనే ఊళ్ళో ఒక పెద్దాయనకి రేకుల షెడ్డు ఉంది. పైప్‌లైన్ల మీద నలభై ఏళ్ళు వెల్డింగ్ చేసి రిటైరయ్యాడు. అద్దె అడిగితే, "నువ్వు చేస్తుంటే చూస్తాను, అదే అద్దె" అన్నాడు. చూడటంతో ఆగలేదు, సగం పని ఆయనదే. 2023 నవంబరులో మొదలుపెట్టాం. శని ఆదివారాలు మాత్రమే.

మొదట చేసింది క్యాబ్ లోపల కట్లు వెయ్యడం. ఒక్కో తలుపు గుమ్మానికీ చదరపు గొట్టం ముక్కలు అడ్డంగా ఒకటి, ఐమూలగా ఒకటి వెల్డ్ చేశాం. నాలుగు తలుపులు విప్పేస్తే క్యాబ్‌లో మిగిలేది పైకప్పు, నేల, మధ్యలో సన్నటి స్తంభాలు. అలాగే ఎత్తితే నడుం దగ్గర వంగుతుంది. ఒకసారి వంగితే తలుపులు మళ్ళీ జన్మలో సరిగ్గా పడవు. ఈ కట్లు అన్నిటికంటే చివర, క్యాబ్ కొత్త చోట బోల్టుల మీద బిగిసి కూర్చున్న తర్వాతే కోశాం.

తర్వాత బ్రాకెట్లు. క్యాబ్ ముందు భాగం పట్టుకునే మౌంట్లు రెండు ఫ్రేముల్లోనూ ఒకేచోట ఉన్నాయి. వెనకవి మాత్రం క్రూ క్యాబ్ పొడవుని బట్టి వెనక్కి జరగాలి. అవి ఫ్యాక్టరీలో రివిట్లతో బిగించినవి. లబ్బక్ ఫ్రేమ్ నుంచి వాటిని ప్రాణంతో తియ్యాలి. ఒక్కో రివిటు తలని గ్రైండర్‌తో కోసి, మధ్యలో పంచ్ గుర్తు పెట్టి, సన్నటి బిట్టుతో మొదలుపెట్టి మూడు సైజుల్లో డ్రిల్ చేసి, చివరికి డ్రిఫ్ట్ అనే ఉక్కు కడ్డీ పెట్టి పెద్ద సుత్తితో కొడితే ఊడి వస్తుంది. మొదటి రివిటుకి గంటన్నర పట్టింది. ఆఖరిది పదిహేను నిమిషాల్లో వచ్చింది. నా బండి ఫ్రేమ్ మీద వాటిని వెల్డ్ చెయ్యకుండా గ్రేడ్ 8 అనే గట్టి రకం బోల్టులు వేశాం. ఎందుకంటే ఈ ఫ్రేమ్ అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లిషు సీ అక్షరంలా ఉంటుంది. బరువు పడ్డప్పుడు పై రెక్క నొక్కుకుంటుంది, కింది రెక్క సాగుతుంది, నడుమ పలక మీద ఒత్తిడి తక్కువ. బెజ్జం పెట్టాలంటే ఆ నడుమ పలకకే. రెక్కల అంచున బెజ్జం గానీ, అడ్డంగా వెల్డింగ్ గీత గానీ పడితే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. పెద్దాయన ఈ మాట ఇంగ్లిషులో చెప్పాడు. నాన్న "రెక్క ముట్టుకోకు, నడుం మీద పెట్టుకో" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు.

బండి ముందు భాగమంతా విప్పి ఉంది కాబట్టి ఇంకో పని కూడా అప్పుడే చేసుకున్నాను. ఈ కమిన్స్ ఇంజిన్లో టైమింగ్ గేర్ల పెట్టె దగ్గర చిన్న ఉక్కు పిన్ను ఒకటి ఉంటుంది. అదురుకి అది మెల్లగా జరిగి బయటికి వచ్చి గేర్ల మధ్య పడితే ఇంజిన్ పోతుంది. అందుకే దానికి కిల్లర్ డోవెల్ పిన్ అని పేరు. అడ్డంగా చిన్న రేకు బిళ్ళ బోల్టుతో బిగిస్తే ఇంక కదలదు. నాది అప్పటికే కొంచెం బయటికి వచ్చి ఉంది. వేలితో తడిమితే తెలుస్తోంది.

ఇప్పుడు నా తప్పు. వెనక మౌంట్లు ఎక్కడ రావాలో తెలుసుకోవడానికి లబ్బక్ ఫ్రేమ్‌ని కొలిచాను. ముందు క్రాస్‌మెంబర్ (ఫ్రేమ్ రెండు పక్కల్నీ కలిపే అడ్డకమ్మీ) నుంచి బ్రాకెట్ దాకా కుడి వైపు ఒక కొలత, ఎడమ వైపు ఒక కొలత. రెండూ రాసుకుని అవే నా ఫ్రేమ్ మీదకి దించి, గుర్తులు పెట్టి, బెజ్జాలు వేశాను. జనవరి చివర్లో షెడ్డు దూలానికి రెండు చైన్ పుల్లీలు వేసి క్యాబ్‌ని మొదటిసారి ఆనించి చూశాం. కుడి వైపు బోల్టులు వేలితో దిగాయి. ఎడమ వెనకది దిగలేదు. నాలుగు నూళ్ళు తేడా. మన షాపుల్లో అంగుళానికి ఎనిమిది నూళ్ళు కదా, అంటే సరిగ్గా అరంగుళం. ఇనుప గడ్డపారతో తోస్తే దిగేలా ఉంది. తోద్దామనే అనుకున్నాను కూడా.

ఇక్కడ శనివారం రాత్రి ఎనిమిదైతే అక్కడ ఆదివారం పొద్దున ఏడున్నర. నాన్న టీ తాగే వేళ. వాట్సాప్‌లో వీడియో పెట్టి చూపించాను.

"దేన్ని పట్టుకుని కొలిచావు?"

"పాత బండి ముందు క్రాస్‌మెంబర్ నుంచి."

"అది తిన్నగా ఉందని ఎవరు చెప్పారు?"

నా దగ్గర జవాబు లేదు.

"ఇప్పుడు కూర్చోబోయేది ఏది? క్యాబిన్ కదా. ఆ చాసిస్‌ని ఎందుకు కొలిచావురా, క్యాబిన్‌ని కొలు. కింద బెజ్జాల నుంచి గుండు వెయ్యి."

క్యాబ్‌ని మళ్ళీ ఎత్తి, నాలుగు స్టాండ్ల మీద మట్టంగా నిలబెట్టాం. కింద మౌంటు బెజ్జాల మధ్య నుంచి ఒక్కోదానికీ దారం కట్టి గుండు వేలాడదీశాను. గుండు ఊగడం ఆగేదాకా ఆగి, సిమెంటు నేల మీద దాని మొన కింద పెన్సిల్‌తో చుక్క. మళ్ళీ ఇంకోటి. చుక్కల మధ్య సున్నపు దారం కొట్టి గీతలు తీశాం. తర్వాత ఐమూలలు కొలిచాం. ఎడమ ముందు నుంచి కుడి వెనకకి, కుడి ముందు నుంచి ఎడమ వెనకకి. పెద్దాయన టేపు ఆ చివర పట్టుకున్నాడు, నేను ఈ చివర. రెండు కొలతలూ నూలు తేడా లేకుండా ఒక్కటే వచ్చాయి. క్యాబ్ తిన్నగా ఉంది.

అదే పని లబ్బక్ ఫ్రేమ్‌కి చేస్తే ముందు భాగంలో ఐమూలలు అరంగుళం పైనే తేడా. ఎప్పుడో ఎడమ ముందు మూల దేనికో గుద్దుకుంది. క్రాస్‌మెంబర్ వెనక్కి జరిగింది. నేను ఎవరిదో నలభై ఏళ్ళ కిందటి యాక్సిడెంటుని కొలుచుకుని వచ్చి నా బండి మీద బెజ్జాలు వేశాను. గడ్డపారతో తోసి బిగించి ఉంటే క్యాబ్ ఆ మెలితో జీవితాంతం ఉండేది, ముందు అద్దం ఎప్పుడో ఒకరోజు మూల నుంచి పగిలేది.

అరంగుళం పక్కన మళ్ళీ బెజ్జం వేస్తే రెండూ కలిసిపోయి నడుమ పలక బలహీనపడుతుంది. అందుకని ఫ్రేమ్‌ని ముట్టుకోలేదు. ఉన్న బెజ్జాలే వాడుకుని, బ్రాకెట్ పై పీట మాత్రం అరంగుళం జరిగేలా రెండు నూళ్ళ మందం పలకతో పెద్దాయన కొత్తది చేశాడు. ఆ వెల్డింగ్ చూడాలి. పక్కపక్కనే పేర్చిన పైసల్లా ఉంది. రంగు వేసి కప్పెయ్యడానికి నాకు మనసు రాలేదు.

మార్చి రెండో శనివారం క్యాబ్ దించాం. ఆఫీసు స్నేహితులు నలుగురు వచ్చారు. మా ఆవిడ పులిహోర, పెరుగన్నం తెచ్చింది. పుల్లీ గొలుసులు పెద్దాయన ఒకటి, నేను ఒకటి. నలుగురూ నాలుగు మూలలా చేతులేసి ఊగకుండా పట్టుకున్నారు. ఒక్కో గొలుసు లాగుడుకి క్యాబ్ చిటికెన వేలంత దిగుతుంది. గేరు రాడ్డు నేల బెజ్జంలోంచి పైకి రావాలి, అదే సమయంలో టర్బో గొట్టం ఫైర్‌వాల్‌కి, అంటే ఇంజిన్‌కీ క్యాబ్‌కీ మధ్య గోడకి, తగలకూడదు, స్టీరింగు షాఫ్టు పక్కకి ఒరగకూడదు. ఎవరూ మాట్లాడలేదు. గొలుసు కిటకిటలు, మధ్యమధ్య "ఆగు", "నీ వైపు", "ఇంకొంచెం". ఆఖరి అంగుళంలో రబ్బరు బుష్షుల మీద బరువు ఎక్కుతుంటే ఒక మెత్తటి మూలుగు లాంటి శబ్దం వచ్చింది. ఎడమ వెనక బోల్టుని రెండు వేళ్ళతో పట్టుకుని వదిలాను. సొంత బరువుకే జారి దిగింది. మా పాప చప్పట్లు కొట్టింది.

బుష్షులకి పాలీయురేథేన్ వెయ్యమని చాలామంది అంటారు. నేను రబ్బరే వేశాను. ఈ డీజిల్ అదురు గట్టి ప్లాస్టిక్‌లోంచి నేరుగా సీట్లోకి వస్తుంది. ముసలివాళ్ళు కూర్చునే బండికి రబ్బరే మేలు. బోల్టులన్నీ వదులుగా వేసి, తలుపులు వేలాడదీసి, సందులు చూసుకుంటూ కొద్దికొద్దిగా బిగించాం. కుడి వెనక తలుపుకి కింద సందు మూసుకుపోతుంటే ఆ మౌంటు కింద ఒక రేకు బిళ్ళ పెడితే సరైంది.

మిగతా పనులు పేరుకి చిన్నవే, తినేసింది మాత్రం ఆర్నెల్లు. ఫైర్‌వాల్‌లో అక్కర్లేని బెజ్జాలు మూసి క్లచ్ మాస్టర్ సిలిండర్‌కి కొత్త బెజ్జం వేశాం. డ్యాష్, వైరింగ్, హీటరు పెట్టె నా 1992వే ఎక్కించాను. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పట్టే ముందు భాగం కూడా నా బండిదే. తొట్టి వెనక ఫ్రేమ్ చివర కొద్దిగా బయటికి మిగిలింది, బంపర్ బ్రాకెట్లు మార్చుకుంటే కలిసిపోయింది. వెనక తలుపుల రబ్బర్లు దొరకడానికి మూడు నెలలు పట్టింది.

ఒక్క విషయంలో మాత్రం తొందరపడలేదు, మీరూ పడకండి. 1984 క్యాబ్‌లో వెనక సీటుకి నడుముకి కట్టే బెల్టులే ఉన్నాయి. పిల్లని కూర్చోబెట్టే సీటు అది. భుజం మీదుగా వచ్చే బెల్టులు పెట్టాలంటే పై కొస పట్టుకునే చోటు గట్టిగా ఉండాలి, రేకుకి బోల్టేస్తే లాగినప్పుడు చిరిగి వస్తుంది. వెనక స్తంభం లోపల మందపాటి పలక వేసి, బెల్టుల కోసమే చేసిన బోల్టులు వాడి, ఆ పనికి అనుభవమున్న షాపులో డబ్బిచ్చి చేయించాను. మొత్తం ప్రాజెక్టులో బయటివాళ్ళకి ఇచ్చిన పని అదొక్కటే. క్యాబ్ పెద్దదైంది కదా అని బండి మోసే బరువు పెరగలేదు, ఇరుసులు, కమాన్లు పాతవే. ఎక్కిన అదనపు ఇనుము మేరకు తొట్టిలో వేసే బరువు తగ్గించుకోవాలి. 2024 అక్టోబరులో కాగితాలన్నీ పూర్తయ్యి రోడ్డెక్కింది. క్యాబ్ ఇంకా బూడిద రంగు ప్రైమర్‌లోనే ఉంది.

పోయిన ఏప్రిల్‌లో అమ్మానాన్నలు మళ్ళీ వచ్చారు. ఎయిర్‌పోర్టుకి ఈ బండే తీసుకెళ్ళాను. వెనక తలుపు కింద ఒక మెట్టు కూడా పెట్టించాను. తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. నాన్న ఎక్కలేదు. ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య సందులో బొటనవేలి గోరు పెట్టి పైనుంచి కింద దాకా జరిపాడు. తర్వాత ఆ వైపుకి వెళ్ళి అదే చేశాడు. మెల్లగా మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని వంగి, వెనక మౌంటు చూపించమన్నాడు. ఫోన్ లైటు వేసి చూపించాను. పెద్దాయన వెల్డింగ్‌ని చాలాసేపు చూశాడు.

"ఈయన్ని నాకు కలిపించు" అన్నాడు.

"రేపే వెళ్దాం నాన్నా."

"రేపెందుకు? ఎంత దూరం?"

గంట అన్నాను. అమ్మ ముందు సీట్లో బెల్టు కట్టేసుకుంది. నాన్న మెట్టు మీద కాలు పెట్టి, పైన పిడి పట్టుకుని, ఒక్క ఊపులో ఎక్కి కూర్చుని, తలుపు తనే లాగి వేసుకున్నాడు. ఫార్మర్స్‌విల్ దారి పట్టాం.